అన్నయ్య పెట్టిన పేర్లు

అన్నయ్య రాసిన ప్రోగ్రాములో ఎక్స్ అన్న ఒంటి అక్షరం పేరుగా కనిపించిన క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది. భోజనాలయ్యాక, ఏలూరు పవర్‌పేటలో ఇనుప సామాన్ల కొట్టు మీద మేం పని చేసుకునే గదిలో, కిటికీకి తడిపి కట్టిన గోనెపట్టా వాసన మధ్య కూర్చుని ఆ ఫైలు తెరిచాను. కైకలూరులో ఒక ఐసు ఫ్యాక్టరీ కోసం అన్నయ్య రాస్తున్న లెక్క అది. చేపల లారీలకి వేసిన ఐసు దిమ్మలు పోగా ఎన్ని మిగిలాయో చూపించాలి. ఆ మిగిలిన సంఖ్యని దాచుకునే చోటుకి ఒక పేరు కావాలి. అలాంటి పేర్లు ప్రోగ్రాము రాసేవాళ్ళ ఇష్టం. యంత్రానికి ఏదైనా ఒకటే. చాలామంది ఎక్స్ అనో వై అనో పెట్టేసి ముందుకి పోతారు. అన్నయ్య అలా పోయే మనిషి కాదు. ఒక్క పేరు కుదరక టీ మీద టీ తాగుతూ పొద్దు గుంకేదాకా కూర్చునేవాడు. "పేరు కుదర్లేదంటే ఆ పనేంటో మనకింకా తెలీలేదన్నమాట చిట్టీ" అనేవాడు. అలాంటివాడు ఎక్స్ అని రాశాడు. దాని కింద ఇంకోచోట రెండు ఎక్స్‌లు. ఆ కింద మూడు.

"ఇదేంటన్నయ్యా?" అన్నాను.

తెర వైపు చూసి నవ్వాడు. "అదే... ఉంటుందే, ఆఖర్న... మిగిలేది" అన్నాడు. నుదురు రుద్దుకుంటూ తలెత్తి, "ఆ తిరిగేది కాస్త ఎక్కువ పెట్టు" అన్నాడు. ఫ్యాను అన్న మాట కోసం వెతుక్కుని, దొరక్క ఊరుకున్నాడని నాకు వెంటనే తట్టలేదు. లేచి రెగ్యులేటరు దాకా వెళ్ళాక తట్టింది.

ఇదంతా ఇవాళ రాయడానికి కారణం మా పెద్దది శ్రావ్య. సాయంత్రం మా వారు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే, "రేపు పొద్దున్నే ఊరెళ్ళాలోయ్, రెండు చొక్కాలు సర్దు" అన్నారు. రాజమండ్రిలో వాళ్ళ ఆఫీసు వాళ్ళకి ఏదో శిక్షణ ఉంది. తాడేపల్లిగూడెం నుంచి రాజమండ్రి ఎంత దూరం కనుక! హోంవర్కు చేసుకుంటున్న శ్రావ్య పెన్సిలు పడేసి లేచింది. నేను మంచం మీద పెట్టిన సంచీ లాక్కుని, నేల మీద వేసి, దానిపై కూర్చుంది. నాన్న ఊరెళ్ళకూడదంది. మొదట అందరం నవ్వాం. "ఎందుకే? ఎల్లుండికి వచ్చేస్తారు" అన్నాను.

"మావయ్య కూడా ఊరే వెళ్ళాడుగా" అంది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. మా అమ్మ ఆదివారం నుంచీ ఇక్కడే ఉంది. అన్నయ్య పోయినప్పుడు శ్రావ్యకి సరిగ్గా మాటలు కూడా రాలేదు. వాడి భుజం మీద తప్ప ఎక్కడా నిద్రపోయేది కాదు. మావయ్య ఏడని అడిగితే అమ్మే మొదట అంది, ఊరెళ్ళాడు తల్లీ అని. ఆ తర్వాత అందరం అదే అన్నాం, నాన్నా, నేనూ, మా వారూ. అది అప్పటికి గడిచిపోయే మాట అనుకున్నాం. పిల్ల మాత్రం ఆ మాటని దాచుకుంది. ఊరెళ్ళడమంటే ఇంక రాకపోవడమని దాని లెక్క. ఇంతకాలం మా వారు ఏలూరనో నిడదవోలనో పేరు చెప్పి వెళ్ళడం వల్ల అది బయటపడలేదు. ఇప్పుడు సంచీ పట్టీ చేతికి చుట్టుకుని పడుకుంది. మూడేళ్ళ వాళ్ళ తమ్ముడు కూడా, ఎందుకో తెలియకపోయినా, ఒక చెయ్యి సంచీ మీద వేసే నిద్రపోయాడు. దానికి నిజం చెప్పాలా, ఇంకో అబద్ధం చెప్పి పొద్దున రైలెక్కించాలా అన్నది నాకు తేలడం లేదు. తేలనప్పుడు నేను రాసుకుంటాను.

మా ఇల్లు కలిదిండి అవతల, చేపల చెరువుల గట్టు పక్కన ఉండేది. వాకిట్లో చేపల మేతకి తవుడూ చెక్కా నానబెట్టిన డ్రమ్ములు. ఆ పులిసిన వాసన మా బట్టల్లోనూ పుస్తకాల్లోనూ ఉండేది. కాలేజీలో చేరాకే అది వాసనని నాకు తెలిసింది. నాన్న తెల్లవారుజామునే గట్టెక్కి చేపలు గాలి చాలక నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయేమో చూసొచ్చేవాడు. అమ్మ కాలవ నీళ్ళు బిందెల్లో పోసి, పటిక ముక్కతో గుండ్రంగా తిప్పి, తేరేదాకా ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. అమ్మ వంటింట్లో ఏ డబ్బా మీది బొమ్మకీ లోపలి సరుక్కీ పొత్తుండేది కాదు. బిస్కెట్ల డబ్బాలో మెంతులు, పాలపొడి డబ్బాలో ఎండురొయ్యలు, టీపొడి డబ్బాలో సూదీ దారం. అన్నయ్యకి అది చిన్నప్పటి నుంచీ నచ్చేది కాదు.

"ఎందులో ఏముందో ఎలా తెలుస్తుందమ్మా?"

"నాకు తెలుసు కదరా."

"నువ్వు లేనప్పుడో?"

"నేను లేకపోవడమేంట్రా, ఎక్కడికి పోతాను?"

ఆ ఏడే పిన్ని పురిటికి అమ్మ భీమవరం వెళ్ళాల్సి వచ్చింది. నాన్న తనే చేపల పులుసు పెడతానని పంచె ఎగ్గట్టాడు. ఉప్పనుకుని, కొట్టి ఉంచిన పటిక పొడి గుప్పెడు వేసేశాడు. మొదటి ముద్దకే ఆయన బుగ్గలు లోపలికి లాక్కుపోయాయి. నాలుక మడత పడి కాసేపు మాట రాలేదు. మేం భయంగా చూస్తుంటే పులుసు గిన్నె పైకెత్తి వెలుగులో చూసి, "ఏమాటకామాటే చెప్పుకోవాలిరా, పులుసు మాత్రం బాగా తేటపడింది" అన్నాడు. అన్నయ్య ఆ రాత్రికి రాత్రే పాత శుభలేఖల వెనకవైపు పేర్లు రాసి, మెతుకులతో డబ్బాలన్నిటికీ అంటించాడు. పటిక డబ్బా మీద మాత్రం ఇంకొంచెం రాశాడు: నీళ్ళకి, కూరల్లోకి కాదు. అమ్మ తిరిగొచ్చి, "నా వంటిల్లు కిరాణాకొట్టు చేశావేంట్రా" అని సణిగింది గానీ చింపలేదు.

అన్నయ్యకి సర్టిఫికెట్లలో పేరు సుధాకర్. ఇంట్లో పెంటయ్య. వాడికంటే ముందు పుట్టిన ఇద్దరు ఉయ్యాల్లోనే పోయారు. అందుకని వాడు పుట్టగానే మా నాయనమ్మ చేటలో వేసి, పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి, ఎవరో పారేసిన చెత్తని ఏరుకొచ్చినట్టు మళ్ళీ ఇంట్లోకి తెచ్చిందట. చెత్త మీద చావు చూపు పడదని నమ్మకం. అమ్మ పెద్దయ్యాక కూడా ఆ పేరు మానలేదు. ఏలూరు గదికి ఫోను చేసి, "మా పెంటయ్య ఉన్నాడాండీ?" అని అడిగేది. ఆ గొంతు బయటికే వినబడి, ఎదురుగా కూర్చున్న షావుకార్లు మొహాలు చూసుకునేవారు. అన్నయ్య ఫోను పెట్టేసి నవ్వుతూ, "నాది తప్పుడు పేరు చిట్టీ, యముణ్ణి ఏమార్చడానికి పెట్టారు. మనం రాసేదాంట్లో ఎవర్ని ఏమారుస్తాం? రేపొచ్చి చదివేవాణ్ణేగా" అనేవాడు.

నేను డిగ్రీ అయ్యాక పెళ్ళయి గూడెం వచ్చినా, రోజూ పాసింజరులో ఏలూరు వెళ్ళి అన్నయ్య దగ్గరే పని నేర్చుకున్నాను. శ్రావ్య పుట్టాక దాన్ని కూడా ఎత్తుకెళ్ళేదాన్ని. మేతల కొట్లకీ, ఐసు ఫ్యాక్టరీలకీ, ఒకటి రెండు కాలేజీలకీ వెబ్ పేజీలు, చిన్నచిన్న లెక్కల ప్రోగ్రాములు చేసేవాళ్ళం. పేజీలో ఏ ముక్క ఏ రంగులో, ఎంత అక్షరంలో, ఏ పక్కన కనబడాలో రాసే ఫైలుని స్టైల్‌షీట్ అంటారు. నేను మొదటిసారి అది రాసినప్పుడు, ఐసు అయిపోవచ్చిందని చెప్పే ముక్కకి ఎర్ర అని పేరు పెట్టాను. ఎర్రగానే ఉంది కదా అని. అన్నయ్య చూసి ఏమీ అనలేదు. వారం తిరక్కుండా కైకలూరు ఐసు ఫ్యాక్టరీ యజమాని రాజుగారు మెట్లెక్కి వచ్చారు. "ఏవండీ, ఆ ఎరుపు తీసేయండి బాబూ. మా ఆవిడ చూసి కొట్టు తగలబడిందా అంటోంది. నీలం పెట్టండి, ఐసుకి చల్లగా ఉంటుంది" అన్నారు. రంగు మార్చాను. ఇప్పుడు ఎర్ర అన్న పేరు కింద నీలం రంగు ఉంది. అప్పుడు అన్నయ్య కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"మన కొత్త చెరువు ఎప్పుడు తవ్వారు?" అని అడిగాడు.

"నేను పుట్టకముందే."

"మరి కొత్త చెరువేంటి? దాని తర్వాత ఇంకోటి తవ్వితే దానికి పేరే మిగల్లేదు, ఆ అవతలది అంటున్నాడు నాన్న. ఎలా కనబడుతోందో చూసి పేరు పెడితే ఇంతే. అది ఏం చేస్తుందో చూసి పెట్టు. ఇది ఏం చేస్తోంది?"

"ఐసు అయిపోతోందని చెబుతోంది."

"అంటే హెచ్చరిక. ఎరుపైనా నీలమైనా హెచ్చరికే."

నాకు ఆ పనిలో వచ్చినదంతా ఆ సాయంత్రం వచ్చిందే. పేరు పెట్టడం ప్రేమగా చేసే పని అని అన్నయ్య ఎప్పుడూ అనలేదు. అలాంటి మాటలు వాడికి సిగ్గు. కానీ తను చూడని మనిషి కోసం, తను అక్కడ లేని రోజు కోసం అంత సేపు ఆలోచించేవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఎక్స్ చూసిన వారం అమ్మతో చెప్పాను. అన్నయ్యకి మాటలు దొరకడం లేదమ్మా అన్నాను. అమ్మ వాడి మాడు మీద ఆముదం మర్దన చేస్తోంది. "తలనొప్పే చిట్టీ. పొద్దస్తమానం ఆ పెట్టె ముందు కూర్చుంటే రాదా?" అంది. కళ్ళజోడు మార్పించారు. కొన్నాళ్ళు పోయాక పొద్దున్నే వాంతులు మొదలయ్యాయి. ఏలూరు డాక్టరు గారు విజయవాడ వెళ్ళి తలకి స్కాన్ తీయించమన్నారు. ఆ మాట ఇంట్లో అనగానే అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ పెద్దపెద్ద పేర్లు ఇంట్లో అనకండే. పైన తథాస్తు దేవతలుంటారు" అంది. మా వైపు చీకటి పడ్డాక పాముని పాము అనరు, పురుగంటారు. ఒంటి మీద పొక్కులొస్తే అమ్మవారొచ్చిందంటారు. పేరెత్తి పిలిస్తే పలుకుతాయని. అమ్మతో వాదించాను, ఏడ్చాను, నాన్నని గట్టు మీదికి తీసుకెళ్ళి చెప్పాను. కానీ ఆవిడకి అది ఉత్త నమ్మకం కాదు. ఇద్దర్ని పోగొట్టుకుని, మూడోవాడికి చెత్త పేరు పెట్టి, ఇరవై ఏడేళ్ళు బతికించుకుంది. ఆ పద్ధతి ఒకసారి ఫలించిన మనిషికి, అది తప్పని నేనెలా చెప్పను? దాంతో ఆ వానాకాలం అంతా మా ఇంట్లో వాడి జబ్బు పేరు తలనొప్పే. బంధువులకి తలనొప్పి, ఫోన్లలో తలనొప్పి. చివరికి అన్నయ్య మా గది మెట్ల మీద పడిపోయాడు. విజయవాడలో పెద్ద డాక్టరు అసలు పేరు చెప్పారు. మాట పుట్టే చోటే గడ్డ పెరిగిందన్నారు. ముందే తెచ్చి ఉంటే ఏమయ్యేదని నాన్న అడిగితే, ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, ఇప్పుడది చెప్పలేనండీ అన్నారు.

ఆపరేషనైన తర్వాత అన్నయ్యని చెరువు గట్టు ఇంటికే తీసుకొచ్చారు. నేను శనివారాలు శ్రావ్యని చంకన వేసుకుని బస్సులు మారి వెళ్ళేదాన్ని. మాటలు ఒకటొకటిగా పోయాయి. వస్తువుల పేర్లు ముందు పోయాయి, అవి చేసే పనులు మిగిలాయి. గ్లాసు తాగేది అయింది. దుప్పటి కప్పుకునేది. నాన్న కూడా వల విసిరేవాడు అయ్యాడు. ఒకరోజు కంచం ముందు కూర్చుని, "అన్నం పెట్టేది ఏదీ?" అని నన్ను అడిగాడు. గరిటె కోసం చూశాను. వాడు అడిగింది అమ్మని. వెనకే నిలబడి ఉన్న అమ్మ విని, పెరట్లోకి వెళ్ళి, డ్రమ్ముల చాటున కూర్చుండిపోయింది.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ వాణ్ణి పరీక్షించేవారు. నేనెవర్నిరా, ఇదెవర్రా అంటూ. నేనెప్పుడూ అడగలేదు. పల్లెవాడ నుంచి వచ్చిన మా దూరపు పెద్దమ్మ ఒకావిడ మాత్రం నా గడ్డం పట్టుకుని వాడి వైపు తిప్పి, "ఇదెవరో చెప్పు చూద్దాం" అంది. అన్నయ్య నా మొహంలోకి చాలాసేపు చూశాడు. పేరు కుదరనప్పుడు తెర వైపు చూసినట్టే చూశాడు. తొందరపడలేదు.

"పక్కన... పక్కన కూర్చునేది" అన్నాడు.

"అయ్యో, తోడబుట్టినదాన్ని కూడా మర్చిపోయాడమ్మా" అని ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకలా అనిపించలేదు. చిట్టి అని నన్ను ఊళ్ళో అందరూ పిలుస్తారు, ఈ పేరు వాడొక్కడే పెట్టాడు. పంట కోతలప్పుడు వాడు పోయాడు.

ఐసు ఫ్యాక్టరీ ప్రోగ్రాము నేనే పూర్తి చేశాను. మొదటి ఎక్స్ తీసేసి మిగిలిన దిమ్మలు అని పెట్టాను. తర్వాత మిగతా రెండూ మార్చాను. వాడి చేత్తో రాసిన ఆఖరి అక్షరాలవి, ఉంచేసుకోవాలనిపించింది. కానీ ఉంచితే రేపు చదివేవాళ్ళకి అర్థం కాదు, వాడే ఒప్పుకోడు. ఇప్పుడా గదిలో సెల్‌ఫోన్లకి రీచార్జి చేస్తున్నారు. రాజుగారు ఆ పేజీ ఎప్పుడో తీయించేశారు. నేను పిల్లలు పడుకున్నాక ఇంట్లోనే కాస్త పని చేసుకుంటున్నాను. అన్నయ్య చెప్పినవన్నీ ఇప్పుడు ఇంగ్లీషు పుస్తకాల్లో చక్కగా దొరుకుతున్నాయి, వాటిలో కొత్త చెరువు లేదంతే. పిల్లలు మాట్లాడుతూ మాట్లాడుతూ అదీ, అదీ అని తడుముకుంటే చేతిలో పని ఆపేస్తాను. ఎంత చిన్న మాటైనా, అది దొరికేదాకా వాళ్ళ నోటి వైపే చూస్తుంటాను. అమ్మ వంటింట్లో ఆ శుభలేఖ ముక్కలు ఇంకా ఉన్నాయి. సిరా వెలిసినచోట అమ్మ మళ్ళీ దిద్దుకుంది. జీలకర్ర అయిపోతే ఆ డబ్బా ఖాళీగా ఉంటుంది గానీ ఇంకోటి పోయదు. అంత చేసిన అమ్మే, పిల్ల దగ్గర ఊరెళ్ళాడన్న ఆ ఒక్క మాట మాత్రం మార్చలేకపోయింది.

నిన్న రాత్రి ఇక్కడిదాకా రాసి లైటు తీసేశాను. పొద్దున లేచేసరికి శ్రావ్య మొహం కూడా కడుక్కోకుండా సంచీ మీద కూర్చుని ఉంది, ఒళ్ళో తమ్ముడు. మా వారు గుమ్మంలో నిలబడి, ఏం చేద్దాం అన్నట్టు నన్ను చూశారు. వంటింట్లోకి వెళ్ళి, "చెప్పేస్తానమ్మా" అన్నాను. ఉప్మా కలుపుతున్న అమ్మ వెనక్కి తిరక్కుండానే, "పొద్దున్నే ఆ మాటెందుకే, పసివాళ్ళు" అంది. "నువ్వూ రా" అన్నాను. వస్తుందనుకోలేదు. స్టవ్వు కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, శ్రావ్యకి అటుపక్క చతికిలబడింది. నేను ఇటుపక్క కూర్చున్నాను.

"మావయ్య ఏ ఊరూ వెళ్ళలేదమ్మా. చనిపోయాడు" అన్నాను. "మావయ్య తల లోపల ట్యూమరని ఒక గడ్డ పెరిగింది. నీకూ నాకూ వచ్చే తలనొప్పి లాంటిది కాదు, చాలా పెద్ద జబ్బు. డాక్టర్లు ఎంత చూసినా తగ్గలేదు. నువ్వు అప్పుడు బాగా చిన్నదానివని నీతో ఊరెళ్ళాడని చెప్పాం."

శ్రావ్య అమ్మమ్మ వైపు తిరిగింది. అమ్మ కళ్ళు దించుకుని, అవునన్నట్టు తలూపింది.

"ఇంక రాడా?" అంది శ్రావ్య.

"రాడు. నువ్వు అడిగినప్పుడల్లా మావయ్య గురించి చెబుతాను, ఎన్నిసార్లడిగినా చెబుతాను. నాన్న వెళ్ళేది రాజమండ్రి. రైల్లో వెళ్తారు, రేపు రైల్లోనే వస్తారు. చనిపోవడం వేరు, ఊరెళ్ళడం వేరు తల్లీ. రెంటికీ ఒకే మాట అనం ఇంక. లే, సంచీ ఇచ్చేయ్. నాన్నకి రైలు టైమైంది."